కాయిల్‌లో మిగిలిన వాసన

సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టగానే ఆ పెద్దావిడ కళ్ళు మూసుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. అది విశాఖపట్నంలో ఒక బ్యాంకు మేడ మీద, ఏసీ యంత్రాలుండే ఇరుకు గది. పెద్ద రేకు పెట్టె ఒకదాని తలుపు ఊడదీసి గోడకి ఆనించి ఉంది. పక్కనే బల్ల మీద, కుట్టుమిషనంత యంత్రం ఒకటి సన్నగా రొద చేస్తోంది.

"మా సింతన్నే" అంది ఆవిడ. "తలకి ఆముదం రాసుకునీవోడు. జిడ్డు కారతాదిరా, ఉజ్జోగం సేసీవోడివి, మానీరా అంటే యినీవోడు కాడు. ఇదిగో, అదే ఆముదం. ఇదిగో, ఆడే."

ఆమె తమ్ముడు చింతన్న ఆ బ్యాంకులో క్యాషియర్‌గా చేసి, రిటైరవకుండానే పోయాడు. పోయిన ఇన్నాళ్ళకి ఆ సీసాలోంచి వచ్చి అక్క ముందు నిలబడ్డాడు. ఆవిడ ఏడ్చింది, నవ్వింది, వాసన అయిపోతుందేమోనని చటుక్కున మూత బిగించేసింది.

ఆ యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ మందాకిని అక్కడే ఉంది. దణ్ణాలు, కన్నీళ్ళు ఆమెకి అలవాటైపోయాయి. కానీ పెద్దావిడ ఆమెను దాటుకుంటూ వెళ్ళి, మూలన నిలబడి గోళ్ళు గిల్లుకుంటున్న ఏసీ మెకానిక్ సన్యాసిరావు చేతులు రెండూ పట్టుకుంది.

"నువ్వు కడక్కపోబట్టే కదా బాబూ, నా తమ్ముడు మిగిలినాడు. నీ కడుపు సల్లగుండ."

చేసిన పనికి దీవెనలు అందుకున్నవాళ్ళని మనం ఎరుగుదుం. ఎగ్గొట్టిన పనికి అందుకున్నవాడు, నాకు తెలిసి, సన్యాసిరావు ఒక్కడే. అంతకుముందు ఒక లైబ్రరీ వాళ్ళు అతనికి శాలువా కూడా కప్పారు. అతని సోమరితనం వల్ల ఆ ఊరికి జరిగిన మేలు గురించి ఒక పెద్దమనిషి మైకు ముందు చాలాసేపు మాట్లాడాడు. సన్యాసిరావు తలెత్తలేదు.

ఇదెలా జరిగిందో తెలియాలంటే చిల్లర్ గురించి కాస్త చెప్పాలి.

ఆ కాలానికి విశాఖలో ఎండాకాలం అనే మాట వాడుకలోంచి పోయింది. ఎండ లేని కాలం వేరే ఉంటే కదా, దీనికో పేరు! దుకాణం, బడి, ఆఖరికి బస్టాపు కూడా చల్లటి గాలి లేకపోతే పనిచేసేది కాదు. ప్రతి పెద్ద మేడ మీదా ఒక చిల్లర్ ఉండేది. అది నీళ్ళని చల్లబరుస్తుంది. ఆ చల్లటి నీళ్ళు గొట్టాల్లో దిగి ప్రతి అంతస్తులోనూ ఉండే రేకు పెట్టెలోకి వస్తాయి. పెట్టెలో రాగి గొట్టాలు మెలికలు తిరిగి ఉంటాయి, వాటి చుట్టూ కాగితం కంటే పలచటి అల్యూమినియం రేకులు దగ్గర దగ్గరగా, పుస్తకంలో పేజీల్లా ఉంటాయి. అదే కాయిల్. ఫ్యాను గదిలో గాలిని లాక్కుని ఆ రేకుల సందుల్లోంచి తోస్తుంది. గాలి చల్లబడి మళ్ళీ గదిలోకే పోతుంది. గదిలో ఉన్నవాళ్ళు పీల్చి వదిలిన గాలే, రోజంతా, ఏడాదంతా, ఆ రేకుల్లోంచి తిరుగుతూ ఉంటుంది.

చల్లటి నీళ్ళ చెంబు బయట చెమ్మ పట్టినట్టు ఆ రేకులకీ ఎప్పుడూ తడి ఉంటుంది. ఆ తడికి గాలిలో ఉన్నవన్నీ అంటుకుంటాయి. దుమ్ము, బట్టల నూగు, తలనూనె ఆవిరి, చెమట, మన ఒంటి మీంచి రాలే కంటికి కనపడని పొట్టు. నెలల తరబడి ఒక పొర మీద ఒక పొర పడి మందంగా పేరుకుంటుంది. అందుకే మెకానిక్ నెల నెలా వచ్చి ఫిల్టర్లు తీసి దులపాలి, కాయిల్ మీద నురగ మందు కొట్టాలి, నీళ్ళతో కడగాలి, కింద నీళ్ళు పడే ట్రేలో పాచి తీయాలి. లేకపోతే గాలి రాదు, బూజు పడుతుంది, కింద కూర్చున్నవాళ్ళకి దగ్గు పట్టుకుంటుంది.

తీయాలి, కడగాలి అనేది ఏసీ కంపెనీ మాట. మెకానిక్కుల్లో నడిచేది పేపర్ సర్వీసు. అంటే, మేడెక్కడం, పెట్టెకి వేలాడే కార్డు మీద సంతకం గీకడం, దిగిపోయి టీ తాగడం. కంపెనీకీ తెలుసు, బిల్డింగు వాళ్ళకీ తెలుసు. గాలి ఆడినంతకాలం ఎవరూ అడగరు. సన్యాసిరావు ఆ విద్యలో ఆరితేరినవాడు. పనిలో చేరిన దగ్గర్నుంచీ అతను నీళ్ళ పైపు పట్టుకోగా చూసినవాళ్ళు లేరని అనేవారు.

మందాకిని కనిపెట్టినది ఆ మురికిని చదివే యంత్రం. కాయిల్ రేకుల మీంచి మురికిని ఒక్కొక్క పొరగా లేపి, అందులో ఉన్న రకరకాల పదార్థాల్ని విడదీసి, ఇది ఫలానా మనిషిది, ఇది ఇంకొకరిది అని వేరు చేస్తుంది. పోయినవాళ్ళ వెంట్రుక ఒకటి తెచ్చిస్తే చాలు, అందులోని డీఎన్ఏతో పోల్చి, ఆ మనిషి పొట్టు ఏ పొరలో ఉందో పట్టుకుంటుంది. దాని చుట్టూ అంటుకున్న వాసనని మళ్ళీ తయారుచేసి ఒక చిన్న సీసాలో నింపి ఇస్తుంది. ఆమె దానికి లేయర్ రీడర్ అని పేరు పెట్టింది. ఊరు మాత్రం 'వాసన పెట్టె' అంది. ఊరన్నదే నిలిచింది.

ఇక చూడండి ఊరి తీరు. 'ఈ కాయిల్ కడగరాదు' అని బోర్డులు వెలిశాయి. ఒక కల్యాణమండపం యజమాని తన ఏసీ పెట్టెకి బొట్టు పెట్టి దండ వేశాడు. గాలి ఆడక జనం ఉక్కతో చస్తున్నా, పిల్లలకి దగ్గు పట్టినా, "కడుగుదామా?" అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఎవరి మనిషి ఏ కాయిల్‌లో ఉన్నాడో ఎవరికి తెలుసు? బతికున్నంతకాలం పక్కన కూర్చోడానికి తీరిక లేనివాళ్ళు కూడా, పోయాక ఏసీ పెట్టెకి కాపలా కాశారు. మనుషులం, మనం అంతే.

మందాకిని వెంట ఇద్దరు మెకానిక్కులు తిరిగేవారు. ఏ బిల్డింగులో కాయిల్ కడగలేదో వాళ్ళు చూపించాలి. సన్యాసిరావు ఒకడు. రెండోవాడు పైడినాయుడు, సన్యాసిరావుకి పని నేర్పినవాడు. ఊళ్ళో ఎగ్గొట్టిన పనుల జాబితా ఆ ఇద్దరి నోటికే వచ్చు. ఒకడు ఎగ్గొట్టినవాడు, ఇంకొకడు అందుకు తిట్టినవాడు.

కాయిల్ కడగడంలో పైడినాయుడిది చాదస్తం. రేకులు వంగిపోకుండా నీళ్ళు నిటారుగా కొట్టాలంటాడు. వంగిన రేకుల్ని దానికోసమే చేసిన దువ్వెనతో ఒక్కొక్కటే సరిచేస్తాడు. ట్రేలో నీళ్ళు పోయే రంధ్రంలో వేలు పెట్టి చూసిగానీ మేడ దిగడు. "నా జడ ఒక్కనాడు అల్లినావా? ఆ రేకులకి మాత్రం పాపిడి తీస్తావు" అని అతని భార్య నూకరత్నం వెక్కిరించేది.

నూకరత్నం జగదాంబ సెంటర్ వెనక ఒక పట్టుచీరల షోరూంలో సేల్స్‌లో ఉండేది. పైఅంతస్తులో, తెల్లటి పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం ఆమె పని. ఒక మధ్యాహ్నం ఎవరికో చీర చూపించి, కొనకుండా వెళ్ళిపోతే, దాన్ని మళ్ళీ మడత పెడుతూ పెడుతూ పక్కకి ఒరిగిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. మంచాన పడి చేయించుకోలేదు, మందులకి అడగలేదు. ఒక మాట చెప్పి వెళ్ళలేదు.

పోయినవాళ్ళ ముఖం ఫోటోలో ఉంటుంది. గొంతు ఫోన్‌లో ఉంటుంది. పైడినాయుడికి రెండూ ఉన్నాయి. అతనికి కావలసింది వాసన. ఆమె చీరలు ఒక ట్రంకు పెట్టెలో దాచి, అప్పుడప్పుడు మూత తీసి ముఖం పెట్టేవాడు. తీసిన ప్రతిసారీ అది కొంచెం పోయింది. చివరికి కలరా ఉండల వాసన మిగిలింది. ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా రావడం లేదు. కొబ్బరినూనె అనుకుంటాడు, కొత్త చీరల గంజి అనుకుంటాడు, కానీ అవి నూకరత్నం కావు. ఆమె పోయినప్పుడు ఏడ్చిన దానికంటే, ఆమె వాసన గుర్తు రావడం లేదని తెలిసిన రోజు ఎక్కువ ఏడ్చాడు.

ఇంతమందికి ఇన్ని సీసాలు ఇప్పించాడు, తన సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. బ్యాంకు పని ముగించుకుని ముగ్గురూ రోడ్డు పక్కన టీ తాగుతుంటే, ఆ రోజు ఎత్తాడు.

"మేడమ్, ఒక మాట అడగనా?"

"అడగండి నాయుడు గారూ."

"మా ఆడది పని సేసిన షోరూం ఉంది. అది పోయిన కొన్నాళ్ళకే అన్నదమ్ములు కోర్టుకెక్కి మూసీసినారు. తాళం ఇంకా తియ్యలేదు. ఆ కాయిల్ ఒకసారి సూద్దామా?"

మందాకిని టీ గ్లాసు కింద పెట్టింది. ఆమె మెత్తని మనిషే గానీ, లేని ఆశ పెట్టడం ఆమెకి చేతకాదు. "ఆ షోరూం ఏసీ చూసుకునేది మీరే కదండీ? మీరు కడిగిన కాయిల్‌లో నాకేం దొరుకుతుంది? ఊళ్ళో నా యంత్రానికి పనికిరాని కాయిళ్ళు ఏవైనా ఉంటే అవి మీవే."

"నాను కడిగినవి కావమ్మా. నిచ్చెన మీంచి పడి కాలు ఇరిగి మంచాన పడినాను సూడండి, ఆ నెలలు. రత్నం రోజూ ఎల్లీది. నా కాలు కూడకముందే పోనాది. ఆ తరవాత ఆ మేడ ఎక్కలేక, నన్ను అక్కడికి పంపకండని కంపెనీ వోళ్ళకి సెప్పీసినాను. ఆ నెలలన్నీ సూసినోడు..." అంటూ సన్యాసిరావు వైపు తిరిగాడు. "ఈడు."

పైడినాయుడి ముఖమంతా నవ్వయింది. భార్య పోయాక అతను అలా నవ్వడం మందాకిని చూడలేదు.

"ఈడి పని ఎలాటిదో మీకు నాను సెప్పాలా? ఒరే సన్యాసీ, నిన్ను పట్టుకుని ఎన్ని తిట్లు తిట్టినానో! ఈ రోజుకి నా నోరు కడుక్కోవాల."

సన్యాసిరావు చేతిలో టీ తొణికి చొక్కా మీద పడింది. "వద్దన్నా" అన్నాడు. "మూసీసి సాన్నాళ్ళయిపోయింది. ఎలకలు కొట్టీసుంటాయి."

"ఎలకలు రేకులు తింటాయేటిరా?"

"తుప్పట్టీసుంటాది."

"అల్యూమినియానికి తుప్పేటి? నాను నేర్పింది కూడా మర్సిపోనావా?" అని పైడినాయుడు అతని వీపు మీద చరిచాడు. సన్యాసిరావు చొక్కా మీది టీ తుడుచుకున్నాడు. అసలు సంగతి అక్కడే చెప్పేసి ఉంటే బాగుండేది. చెప్పలేకపోయాడు. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఎవరు మాత్రం చెప్పగలరు?

మందాకిని కోర్టు చుట్టూ తిరిగి తిరిగి అనుమతి తెచ్చింది. వెళ్ళే రోజు పొద్దున్నే పైడినాయుడు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిరుమాల్లో చుట్టి నూకరత్నం దువ్వెన తెచ్చాడు. దాని పళ్ళ మధ్య ఆమె వెంట్రుకలు రెండు మూడు ఇంకా ఉన్నాయి. బండిలో దారి పొడుగునా సన్యాసిరావుని ఆట పట్టిస్తూనే ఉన్నాడు.

"సీసా రాగానే నీకూ శాలువా కప్పుతాన్రా. లైబ్రరీ వోళ్ళు కప్పిన దానికంటే మంచిది."

"అన్నా, ఊరుకో."

"సిగ్గెందుకురా? నువ్వు ఒళ్ళు దాసుకున్నావు గనక నా రత్నం ఉంది. నాలాగ ఒళ్ళొంచితే ఏటుండేది?"

షోరూం లోపల ఉక్కగా ఉంది. గాజు బీరువాలు ఖాళీగా ఉన్నాయి. పైఅంతస్తులో తెల్లటి పరుపులు దుమ్ము పట్టి పచ్చబడ్డాయి. ఒక మూల గాలి వచ్చే జాలీ కింద పైడినాయుడు ఆగాడు. "ఇక్కడ కూర్సునీది" అన్నాడు మందాకినితో. కాసేపు అక్కడే నిలబడి, తర్వాత ఏసీ పెట్టె ఉన్న గదిలోకి నడిచాడు.

సన్యాసిరావు గబగబా ముందుకొచ్చాడు. "ఇటియ్యన్నా, నాను తీస్తాను."

"ఎల్లెహె. ఇది నాను తియ్యాల."

స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీశాడు. రేకు తలుపు పట్టుకుని కిందకి దించాడు. మందాకిని టార్చి వేసింది.

రేకులు మెరుస్తున్నాయి.

మూసేసిన ఇన్నాళ్ళలో పైన కాస్త పొడి దుమ్ము పడిందంతే. పైడినాయుడు వేలితో రాస్తే అది పోయి, లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. సందుల్లో జిడ్డు లేదు. ట్రేలో పాచి లేదు. అతను ఇంకాస్త ముందుకి వంగి రేకుల వరసల్ని చూశాడు. వంగిన రేకు ఒక్కటి కూడా లేదు. పైనుంచి కిందదాకా దువ్వెనతో సరిచేసి ఉన్నాయి. అది తను నేర్పిన పనే. ఇంకెవరైనా చేసినా అంత బాగా చెయ్యరు.

ట్రే రంధ్రంలో వేలు పెట్టి చూశాడు.

"ఎవుడు కడిగినాడ్రా?" అన్నాడు పైడినాయుడు, వెనక్కి తిరక్కుండానే.

సన్యాసిరావు గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "నానే అన్నా."

"నువ్వా?"

"నానే. సంతకం గీకీసి ఎల్లిపోదామనే వచ్చినానన్నా. వదిన సూసీసింది. రా తమ్ముడూ అని పిలిసి, ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. మీ అన్న మంచం దిగలేదు గానీ దిగినట్టే తిడతన్నాడు అని నవ్వింది. నవ్వుతుంటే దగ్గొచ్చింది. ఆగలేదన్నా ఆ దగ్గు. ఈ గాలి కిందే రోజంతా కూకుంటన్నాను తమ్ముడూ, మీ అన్న ఉంటే ఈపాటికి కడిగీవోడు అంది. అంతే అంది. కడుగు అనలేదు." అతను తల ఎత్తకుండానే చెప్పుకుపోయాడు. "ఆ మాటకి నాకు సిగ్గేసిందన్నా. నా బతుకులో కడిగిన కాయిల్ ఇదొక్కటే. నువ్వు సెప్పినవన్నీ గుర్తు తెచ్చుకుని, నువ్వొచ్చి సూసినా పేరు పెట్టకుండా ఉండాలని కడిగినాను. ఒక్కసారి కాదు, నువ్వు మంచాన ఉన్నన్నాళ్ళూ కడిగినాను. వదిన పోయిన రోజు పొద్దున్న కూడా వచ్చి కడిగీసి ఎల్లినాను."

ఊళ్ళో అన్ని కాయిళ్ళూ వదిలేసినవాడు, ఎవరెవరి అక్కలకో తమ్ముళ్ళకో వాళ్ళ మనుషుల్ని మిగిల్చినవాడు, తనని సొంత తమ్ముడిలా చూసిన మనిషిని మాత్రం చేతులారా కడిగేశాడు. ప్రేమతో కడిగాడు. ఈ మాట రాస్తుంటే నాకే కష్టంగా ఉంది. ఆ గదిలో నిలబడి విన్నవాడికి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

పైడినాయుడు వెనక్కి తిరిగాడు. అతని చెయ్యి పైకి లేచింది. కొడతాడేమో అనుకుని మందాకిని ఒక అడుగు ముందుకేసింది. సన్యాసిరావు కొట్టనీ అన్నట్టు ముఖం ఎత్తి పెట్టాడు.

"దగ్గు తగ్గిందా?" అని అడిగాడు పైడినాయుడు.

"ఆ?"

"నువ్వు కడిగినాక. దానికి దగ్గు తగ్గిందా?"

"తగ్గిందన్నా. రెండ్రోజులకి ఫోన్ సేసి సెప్పింది. హాయిగా ఉంది తమ్ముడూ అంది."

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగి సన్యాసిరావు తల మీద పడింది. "అయితే మంచి పనే సేసినావురా" అన్నాడు పైడినాయుడు. కింద, సన్యాసిరావు పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఏడ్చారు.

మందాకిని ఏం చెయ్యగలదు? ఆమెకి ఓదార్చడం రాదు, యంత్రం నడపడం వచ్చు. అంత దూరం వచ్చాక ఊరికే తిరిగి వెళ్ళడానికి మనసొప్పలేదు. కాయిల్ చుట్టూ ఉండే ఇనప చట్రాన్ని టార్చితో వెతికింది. పైపుతో నీళ్ళు లోపలికి కొడతారు గానీ, అవి చట్రం అంచుకి తగలవు. పైన, మనిషి భుజం ఎత్తులో, ఒకచోట నల్లటి మరక జిడ్డుగా పేరుకుని ఉంది. దాన్ని గీకి యంత్రంలో వేసింది. దువ్వెన నుంచి వెంట్రుక తీసి పోల్చింది.

"కలవలేదు" అంది కాసేపటికి. "నూకరత్నం గారు లేరండీ ఇందులో. ఒక మగమనిషి ఉన్నాడు. ఒక్కడే. చాలా ఏళ్ళది, పొర మీద పొర. వాసన బాగా వస్తుంది, తీయమంటారా?"

పైడినాయుడు చేత్తోనే తియ్యమన్నట్టు సైగ చేశాడు. అడిగింది కాబట్టి సరే అన్నాడంతే.

సీసా నిండింది. అతను లేచి వచ్చి, మూత తీసి వాసన చూశాడు. చెమట, ఇనుము, నురగ మందు ఘాటు, వాటి అడుగున ఆరీ ఆరని తువ్వాలు వాసన. ఇంకోసారి చూశాడు.

"ఎవుడో పరాయోడమ్మా" అన్నాడు. "బాగా కష్టపడీవోడిలాగున్నాడు. ఎవుడో నాకు తెల్దు."

మందాకిని చేతులు రుద్దుకుంది. అప్పటికే ఆమె నేల మీంచి ఒక వెంట్రుక తీసి పోల్చింది. అతను తల దించుకుని ఏడ్చినచోట రాలిన నెరిసిన వెంట్రుక అది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పింది.

"అది మీదే నాయుడు గారూ."

"నాదా?"

"కాయిల్ వెనక వైపు చూడ్డానికి మీరు ఎప్పుడూ ఇక్కడ భుజమూ చెంపా ఆనించేవారు కాబోలు. అదే ఇన్నేళ్ళు పేరుకుంది. ఎవరి వాసన వాళ్ళకి తెలియదండీ. పుట్టినప్పటి నుంచీ పీలుస్తూ ఉంటాం కాబట్టి ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. మీకే కాదు, ఎవరికైనా అంతే."

పైడినాయుడు మూడోసారి వాసన చూశాడు. ఈసారి కూడా పరాయివాడే. సీసా సన్యాసిరావు ముందుకి చాపాడు. "నువ్వు సూడరా. నానేనా?"

సన్యాసిరావు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "నాకేటి తెలుస్తాదన్నా? నీ పక్కన ఎప్పుడూ ఆ మందు ఘాటే కదా. నీ వాసన నాకెప్పుడు తగిలింది గనక."

"రత్నానికి తెలుసురా" అన్నాడు పైడినాయుడు. "నాను మెట్లెక్కుతుండగానే లోపల్నించి, వచ్చీసినావా అనీది. సెప్పులు సేత్తో పట్టుకుని పిల్లిలాగ ఎక్కినా సరే, వచ్చీసినావా అనీది. ఎలాగ తెలిసిందే అంటే నవ్వీది గానీ సెప్పీది కాదు."

మందాకిని కిటికీ వైపు తిరిగి యంత్రం తీగలు చుట్టడం మొదలుపెట్టింది. ఇన్ని ఇళ్ళకి ఇన్ని సీసాలు ఇచ్చింది, ప్రతిసారీ తీసుకునేవాళ్ళు ఉన్నారు.

పైడినాయుడు సీసాకి మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. కింద ఉన్న రేకు తలుపు ఎత్తి పెట్టెకి ఆనించాడు. సన్యాసిరావు లేచి వచ్చి అవతలి వైపు పట్టుకున్నాడు. మళ్ళీ ఎప్పుడు తిరుగుతుందో తెలియని ఆ యంత్రానికి ఇద్దరూ కలిసి స్క్రూలన్నీ గట్టిగా బిగించారు. దువ్వెన రుమాల్లో చుట్టుకుని పైడినాయుడు గుమ్మం దాటాడు.

"నాయుడు గారూ, సీసా మర్చిపోయారు" అని పిలిచింది మందాకిని.

"మర్సిపోలేదమ్మా" అన్నాడు అతను ఆగి. "అది నాదని పోల్చుకునీ మనిషి లేదు. ఇంకెవరికిస్తాను?"